అరిసెలకు తొందర లేదు

డౌన్ సిండ్రోమ్ గల పసిబిడ్డల నడక, దాని వెనుకనున్న శరీరధర్మము

తెలుగింట బిడ్డ ఎదుగుదలను కొలుచుటకు వైద్యుల పట్టికలు రాకమునుపే వంటింటి పట్టిక యొకటి ఉండెను: బోర్లపడితే బొబ్బట్లు, గడప దాటితే గారెలు, అడుగులు వేస్తే అరిసెలు. పిండివంటల పేర్లతో కూర్చిన ఈ పంచాంగము వేడుకకు పుట్టినట్లు తోచునే కాని, దీనిని కూర్చిన ముసలమ్మలు శిశుశరీరము నడవడిని బాగుగా కనిపెట్టినవారే యనక తప్పదు. ఏలయనగా బోర్లపడుట మెడకును వీపునకును చెందిన పని, గడప దాటుట భుజములకును తుంటికిని చెందిన పని, అడుగు వేయుట వీనినన్నిటిని ఒక్క తూకమునకు తెచ్చుకొన్న పిమ్మట గాని సాధ్యము కాని పని.

ఢిల్లీ కరోల్ బాగ్‌లో మేముండు సందున, లిఫ్టు లేని మేడ మూడవ అంతస్తులో, ఒక తెలుగు కుటుంబమున ఈ పంచాంగము తప్పెను. కూతురి పురిటికని తెనాలి ప్రాంతమునుండి వచ్చిన అమ్మమ్మ, మనుమరాలికి ఏడు నెలలు నిండినను బొబ్బట్లకు పప్పు నానవేయలేదు. బిడ్డకు డౌన్ సిండ్రోమ్ అని పుట్టిన వారము దినములకే వైద్యులు చెప్పియుండిరి. ఐనను ఆ పేరు చెప్పినదానికంటె తన చేతులు చెప్పినదే ఆమెకు ఎక్కువగా తెలిసినది.

"నలుగు పెట్టి కాళ్ళ మీద వేసుకుంటే, తడి తువ్వాలు ఆరేసినట్టు రెండు పక్కలా వాలిపోతుంది బాబూ. ఎత్తుకోబోతే చంకల కిందనించి జారిపోతుంది. పోనీ ఒళ్ళు పట్టేసిందా అంటే అదీ కాదు, కాలి బొటనవేలు తీసుకెళ్ళి నోట్లో పెట్టుకుంటుంది. ఇంత వంగే పిల్ల లేవదేం?"

ఆమె అడిగిన ప్రశ్నలోనే శాస్త్రమంతయు ఇమిడియున్నది. రెండు కాళ్ళను ఇరుప్రక్కలకు నేలబారుగా చాపగలిగిన దేహము, నాట్యము నేర్చువారు ఏండ్ల తరబడి సాధన చేసినను పట్టుబడని వంపును పుట్టుకతోనే తెచ్చుకొన్న దేహము, బోర్లపడుటకు మాత్రము ఏల ఇంత ప్రయాసపడును?

వదులు దారము

బలము వేరు, బిగువు వేరు. ఈ రెండింటిని ఒకటిగా తలచుటవలననే సగము చిక్కు వచ్చుచున్నది.

ఆగస్టు 15వ తేదీ సాయంకాలము కరోల్ బాగ్ మేడలమీదికి ఎక్కి చూచినవారికి ఈ భేదము సులభముగా బోధపడును. ఢిల్లీవారికి స్వాతంత్ర్య దినమనగా గాలిపటముల దినము. పటమెగురవేయు కుర్రవాడు దారమును వ్రేలితో ఇంచుక తట్టినంతనే ఆకాశమునందలి పటము తల త్రిప్పును. కాని ఈ చమత్కారము దారము బిగిసియున్నంతవరకే. గాలి పడిపోయి దారము నడుమ సాగిలబడెనా, వాడు గుంజిన గుంజుడంతయు ముందుగా ఆ వదులును మ్రింగుటకే సరిపోయి, పటమునకు వార్త చేరునప్పటికి ఆలస్యమగును. వాని చేయి బలహీనమైనది కాదు, దారము తెగినదియు కాదు. నడుమ బిగువు లేదు, అంతే.

మనము ఏ పనియు చేయక కూర్చున్నపుడు సైతము, వెన్నుపామునుండి ఎడతెగక వచ్చు సంకేతములవలన మన కండరములు ఇంచుక బిగిసియే యుండి, పిలుపు వచ్చిన తక్షణమే కదలుటకు సిద్ధముగా నుండును. ఈ సిద్ధావస్థకే కండరపు బిగువని పేరు. డౌన్ సిండ్రోమ్ గల శిశువులలో దాదాపు అందరికిని ఈ బిగువు తక్కువ. తల నిలుపవలెనను కోరికకును తల నిలుచుటకును నడుమ ఆ బిడ్డ ప్రతిసారియు కొంత వదులును చుట్టుకొనవలసి యుండును. ఆ లోపల భూమ్యాకర్షణ తన పని తాను చేసికొనిపోవును.

ఇచ్చట ఒక అపోహను తొలగింపవలెను. ఫిజియోథెరపీ చేయించినచో బిగువు పెరుగునని అనేకులు చెప్పుదురు. బిగువు చాలవరకు దేహస్వభావము. వయసుతోపాటు కొంత సర్దుకొనునే కాని వ్యాయామమునకు అంతగా లొంగునది కాదు. వ్యాయామమునకు లొంగునది బలము. దారము వదులును పూర్తిగా మాన్పలేకపోయినను, గుంజు చేతిని బలపరచి, ఆ వదులును త్వరగా చుట్టుకొను నేర్పును దానికి అలవరుపవచ్చును.

షామియానా త్రాళ్ళు

బిగువు ఒక్కటియే కారణమైనచో కథ ఇంతతో ముగిసియుండును. కీళ్ళ సంగతి కూడ కలదు. ఎముకను ఎముకతో కట్టియుంచు బంధనములు ఈ పిల్లలలో సాగుగుణము కలవి. పెండ్లి షామియానాలో గుంజలు ఎంత గట్టివైనను, వానిని నాలుగు వైపుల పట్టిన త్రాళ్ళు వదులైనచో పందిరి ప్రక్కకు ఒరుగును గదా. ఎముకలు గుంజలైనచో ఈ బంధనములు త్రాళ్ళు. దేహమును అల్లి నిలుపు కొలాజెన్ అను మాంసకృత్తునకు చెందిన జన్యువులు కొన్ని, ఈ పిల్లలలో ఎక్కువై వచ్చిన 21వ క్రోమోజోము మీదనే ఉండుట ఇచ్చట గమనింపదగినది. తుంటి, మోకాలు, చీలమండ, పాదము, ఇన్ని చోట్ల త్రాళ్ళు వదులైనపుడు పందిరిని నిలుపు భారమంతయు కండరములపై పడును. అవియో, పిలుపునకు ఆలస్యముగా పలుకునవి.

వీనికి తోడు చేతులును కాళ్ళును మొండెముతో పోల్చినపుడు పొట్టివి. కూర్చుండ నేర్చు బిడ్డ ముందునకు చేతులానించి ఒరుగును; చేతులు పొట్టివగుటచేత నేల అందుటకై వీపు విల్లువలె వంగవలసివచ్చును, అట్లు వంగి కూర్చుండుటయే అలవాటగును. తూకమును కనిపెట్టు చిన్నమెదడు పరిమాణమున ఇంచుక చిన్నది. పుట్టుకతో వచ్చు గుండెలోపము వీరిలో ఇంచుమించు సగము మందికి ఉండును. అట్టి బిడ్డ పాలు త్రాగుటకే అలసిపోవునపుడు వ్యాయామమునకు ఓపిక ఎచ్చటినుండి వచ్చును? థైరాయిడ్ గ్రంథి మందగించుట కూడ ఈ పిల్లలలో తరచు కనబడును. అదియు మాంద్యమునకు దోహదము చేయును. కాబట్టి గుండెను, రక్తమును పరీక్షించిన పిమ్మటనే వ్యాయామపు మాట.

[ఇరువది యొకటవ జంట

లండను వైద్యుడు జాన్ లాంగ్డన్ డౌన్ 1866లో ఈ పిల్లల పోలికలను వర్ణించెను. కారణము తెలియుటకు మరి తొంబది మూడేండ్లు పట్టెను. 1959లో పారిస్ నగరమున జెరోమ్ లెజ్యూన్, మార్త్ గోతియే, రేమోఁ తుర్పాఁ ప్రకటించినదేమనగా, వీరి కణములలో 46 క్రోమోజోములకు బదులు 47 ఉన్నవనియు, అధికమైనది 21వ జంటలోనిదనియు. నూటికి 95 మందిలో ఈ మూడవ ప్రతి పూర్తిగా విడిగా నుండును. కొందరిలో అది వేరొక క్రోమోజోమునకు అతుకుకొనియుండును. మరికొందరిలో కొన్ని కణములందు మాత్రమే కనబడును.

ముంబయి, ఢిల్లీ, బరోడా నగరములలో 94 వేలకు పైబడిన శిశువులను పరీక్షించి, 1150 జననములకు ఒక్కరు చొప్పున ఈ స్థితి ఉన్నదని 1998లో తేల్చినవారిలో ముఖ్యులు డాక్టర్ ఈశ్వర్ చందర్ వర్మ. మొదట అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలోను, తరువాత కరోల్ బాగ్‌ను ఆనుకొనియున్న రాజేంద్ర నగరపు సర్ గంగారామ్ ఆసుపత్రిలోను జన్యువైద్యమునకు పాదువేసినవారు ఆయనయే.]

దేహము కనుగొన్న అడ్డదారులు

ఈ విషయమున నాకు అన్నిటికంటె ఆశ్చర్యము గొలిపినది పిల్లల అసమర్థత కాదు, వారి ఉపాయజ్ఞత. వదులు త్రాళ్ళతో, ఆలస్యపు కండరములతో, పొట్టి చేతులతో పుట్టిన బిడ్డ చేతులు ముడుచుకొని కూర్చుండదు. తనకున్న ఒక్క సంపదను, అనగా వంగు గుణమును, పెట్టుబడిగా పెట్టి అడ్డదారులు కనుగొనును.

బోర్ల పడుకొన్న బిడ్డ లేచి కూర్చుండవలెనన్న, మామూలుగా ఒక ప్రక్కకు ఒత్తిగిలి, మోచేయి ఊని, నడుము మెలిపెట్టి లేవవలెను. ఇందులకు పొట్ట కండరముల బలము కావలెను. మన మూడవ అంతస్తు బుజ్జి ఏమి చేసెననగా, రెండు కాళ్ళను చెరియొక ప్రక్కకు నేలబారుగా చాపి, చేతులతో నేలను వెనుకకు నెట్టి, కప్పవలె మొండెమును నిట్టనిలువుగా పైకెత్తి కూర్చుండెను. ఇల్లంతయు చప్పట్లు. ఫిజియోథెరపిస్టు ఒక్కతె మాత్రము నవ్వుచునే నొసలు చిట్లించెను. ఆ విన్యాసమున పొట్టకు, నడుమునకు పనియే లేదు. తుంటి త్రాళ్ళు మరికొంత సాగినవి.

నిలుచునపుడు సైతము ఇంతే. మోకాలిని ఇంచుక వంచి నిలుచుట కండరముల పని, ప్రతి క్షణము శ్రమ. మోకాలిని వెనుకకు విరిచి తాళము వేసినట్లు బిగించినచో కండరములకు సెలవు. భారమంతయు బంధనములపై వ్రేలాడును. పాదములను వెలుపలికి త్రిప్పి, కాళ్ళను ఎడముగా పెట్టి, అరికాలి వంపును నేలకు ఆనించినచో పునాది వెడల్పగును, తూకపు చిక్కు తప్పును. ఇట్లు నిలిచిన బిడ్డ పడిపోదు; నడకయు వచ్చును, బాతునడకగా. కాని ఈ సౌకర్యము ఋణము వంటిది. మోకాలు, తుంటి, పాదము దాని వడ్డీని యౌవనమున నొప్పిగా చెల్లించుకొనవలసివచ్చును.

ఒకప్పుడు ఈ వడ్డీని గూర్చి ఎవరును తలపోయలేదు. దానికి విషాదకరమైన కారణము కలదు. అమెరికాలో 1983 ప్రాంతమునకు సైతము డౌన్ సిండ్రోమ్ గలవారి సగటు ఆయువు 25 ఏండ్లు మాత్రమే. గుండె శస్త్రచికిత్సలు సాధారణమై, అంటువ్యాధులకు మందులు వచ్చి, ఈ పిల్లలను సంస్థలలో మూసిపెట్టు దుష్ప్రథ తొలగిన పిమ్మట నేడది 60కి చేరినది. కాబట్టి నేటి బిడ్డ మోకాళ్ళు అరువదేండ్ల బాటకు సరిపోవలెను. ఫిజియోథెరపీ అనగా బిడ్డను త్వరగా నడిపించు ఉపాయమని తలచువారు ఈ లెక్కను మరచుచున్నారు. ఈ పిల్లలతోనే తన వృత్తిజీవితమును గడిపిన అమెరికా ఫిజియోథెరపిస్టు పట్రీషియా విండర్స్ 1997లో ప్రకటించిన గ్రంథమున ఈ వాదమునే నిలిపినది: నడక ఎటులైనను వచ్చును, అది ఏ నడకగా వచ్చునన్నదే ప్రశ్న. నేను చదివినంతలోను చూచినంతలోను ఈ మాట సత్యమనియే నాకు తోచినది.

పీట, దిండు, మేడమెట్లు

వారమునకు 168 గంటలు. వానిలో ఫిజియోథెరపిస్టు చేతిలో బిడ్డ ఉండునది ఒక గంట. తక్కిన 167 గంటలు ఇంటివే కాబట్టి, ఆమె ఆ గంటలో బిడ్డకు నేర్పినదానికంటె ఇంటివారికి నేర్పినదే ఎక్కువ.

మొదటి దినమున ఆమె అమ్మమ్మ స్నానము చేయించు తీరును చూడగోరెను. అమ్మమ్మ స్నానాలగదిలో పీటపై కూర్చుండి, కాళ్ళు చాపి, బిడ్డను పిక్కలమీద బోర్ల వేసి, వీపున నూనె రాయుచు, లాల పాట పాడుచు నీళ్ళు పోసెను. బిడ్డ రొమ్ము ఎత్తుగా, చేతులు ముందునకు వ్రేలాడుచు, పాట వచ్చు దిక్కునకు తల ఎత్తుటకై ఎగబ్రాకుచుండెను. ఫిజియోథెరపిస్టు పంజాబీ అమ్మాయి; తెలుగు రాదు. "మాతాజీ, దీనికోసమే మేము గుండ్రటి దిండ్లు కొంటాం" అని హిందీలో అనెను. బోర్లవేసి రొమ్ము క్రింద ఎత్తు పెట్టుట మెడకును వీపునకును మొట్టమొదటి వ్యాయామము; దానినే రోజుకు రెండు మూడు పర్యాయములు, మెలకువగా నున్నపుడు, చుట్టిన తువ్వాలుతో చేయుమనెను. ఐతే స్నానానంతరము కాళ్ళు చేతులు పట్టి లాగుట, తల పట్టి ఎత్తుట, తొడలను వెడల్పుగా సాగదీయుట తక్షణమే మానవలెననియు చెప్పెను. ఇప్పటికే సాగిన త్రాటిని ఇంకను సాగదీయుట ఎందులకు? చంకనెత్తునపుడు సైతము కాళ్ళు ఎడముగా వ్రేలాడనీయక, తొడలు రెండు దగ్గరగా చేర్చి పట్టుకొనవలెనట. అమ్మమ్మకు ఇది నచ్చలేదు. చంకనెత్తని బిడ్డ బిడ్డయా? వారము దినములకు సర్దుకొన్నది.

ఏడాదిన్నర వయసున పీట వంతు వచ్చెను. తెనాలినుండి వచ్చిన ఆ చెక్కపీటయే. పాదములు రెండును నేలకు పూర్తిగా ఆని, మోకాళ్ళు సమకోణమున వంగునట్లు బిడ్డను కూర్చుండబెట్టవలెను. పీట కొంచెము పొట్టిదైనందున దాని క్రింద పాత వారపత్రికల కట్ట పెట్టిరి. ఎదుట దివాను, దానిపై స్టీలు గిన్నెలో రెండు చెంచాలు. బిడ్డ గిన్నెకై ముందునకు వంగును, భారము పాదములపైకి వచ్చును, పిరుదులు లేచును, నిలుచును. ఫిజియోథెరపిస్టు చేయి ఎచ్చట ఉన్నదో చూచితిని: చంకల క్రింద కాదు, నడుముపై కాదు, మోకాలి వెనుక గుంటలో రెండు వ్రేళ్ళు. మోకాలు వెనుకకు విరుచుకొనబోవునపుడు ఆ వ్రేళ్ళు తగులును, మోకాలు ఇంచుక వంగును, తొడ కండరము మేలుకొనును. అంతకుమించి సాయము లేదు. బిడ్డ ఏడు సార్లు లేచెను. ఎనిమిదవసారి గిన్నె వైపు చూచి, మా వైపు చూచి, కూర్చున్నచోటనే తనకు తాను చప్పట్లు కొట్టుకొనెను. పాఠము ముగిసినట్లే. ఈ పిల్లలను బలవంతపెట్టినచో మరునాడు గిన్నెను చూచినంతనే ముఖము త్రిప్పుకొందురు. విసుగు రాకమునుపే ఆపుట ఈ వృత్తి మర్మములలో ఒకటి.

మేడమెట్లను ఇంటివారు శాపమనుకొనిరి. అవియే పిమ్మట వ్యాయామశాల ఆయెను. చేతులు, మోకాళ్ళు ఊని మెట్లు ఎక్కునపుడు కాళ్ళను ఎడముగా చాపు అడ్డదారి పనికిరాదు. ఒక కాలు మడిచి పైమెట్టున పెట్టక తప్పదు. మనకు పిక్కకు రాని మెట్టు ఆమెకు తొడవరకు వచ్చును. రోజునకు నాలుగు మెట్లతో మొదలుపెట్టిరి. పొరుగు పంజాబీ కుటుంబమువారు కూరగాయల సంచులతో దిగుచు, ఎక్కుచు, ఆగి దారి యిచ్చి, బిడ్డకు జేజేలు కొట్టుచుండిరి.

వాకరు సంగతి ఒక్కమాటలో ముగించెదను. అజ్మల్ ఖాన్ రోడ్డున రంగురంగుల చక్రపు వాకర్లు అమ్మకమునకు వ్రేలాడుచుండును. కెనడా 2004లోనే వానిని నిషేధించినది. అందులో బిడ్డ నిలువదు, వ్రేలాడును. కాలివ్రేళ్ళతో నేలను తన్నును. మెట్ల దగ్గర అది ప్రాణాపాయము. మన పాత మూడు చక్రముల కొయ్యబండి దీనికంటె ఎంతో మేలు, ఏలయనగా దానిని తోయుటకు బిడ్డ తన కాళ్ళపై తానే నిలువవలెను. పాలరాతి నేలపై అది జర్రున జారకుండ దానిలో ఐదు కిలోల గోధుమపిండి సంచి వేయవలెను.

[మెడ విషయమున జాగ్రత్త

తలకును వెన్నునకును కూడలియైన మొదటి రెండు పూసల నడుమ బంధనము ఈ పిల్లలలో కొందరికి వదులుగా నుండును. అందుచే మెడను ఒక్కపెట్టున విరుచు, లాగు పనులు కూడవు. పిల్లిమొగ్గలు వేయించుటకు ముందు వైద్యుని అడుగవలెను. మూడేండ్లు నిండకమునుపు ఎముకలు తగినంత గట్టిపడవు కాబట్టి ఎక్స్‌రే నిజము చెప్పజాలదు. చిహ్నములను కనిపెట్టుటయే ప్రధానము: మెడనొప్పి, తల ఒక ప్రక్కకు వాల్చుట, వచ్చిన నడక తడబడుట, చేతుల పట్టు తగ్గుట, మూత్రముపై అదుపు తప్పుట. వీనిలో ఏది కనబడినను వ్యాయామము ఆపి ఆ దినమే వైద్యుని చూడవలెను.]

కదలు పట్టాపై ఎనిమిది నిమిషములు

త్వరగా నడిపించుట ముఖ్యము కాదంటిని. ఐనను ఈ మాటకు ఎదురునిలుచు పరిశోధన యొకటి ఉన్నది. దానిని దాచుట న్యాయము కాదు.

అప్పుడే పుట్టిన శిశువును నిలువుగా పట్టి పాదములు బల్లకు తాకించినచో అడుగులు వేయునట్లు కాళ్ళు ఆడించును. ఈ లయ మెదడు ఆజ్ఞకై వేచియుండక వెన్నుపాములోనే అల్లుకొని యున్నది. కదలు పట్టా, అనగా ట్రెడ్‌మిల్లు, పాదమును వెనుకకు లాగినపుడు తొడ ముందరి కండరము సాగి, సాగినదే సంకేతమై, కాలు తనంతట ముందునకు ఊగును. ఊయలను వెనుకకు లాగి వదలినచో ముందునకు వచ్చినట్లు. అమెరికాలో డేల్ ఉల్‌రిచ్ బృందము ముప్పది కుటుంబములతో జరిపి 2001లో ప్రకటించిన ప్రయోగమున, ఆసరా లేక ముప్పది సెకండ్లు కూర్చుండగలిగిన డౌన్ సిండ్రోమ్ శిశువులను తల్లిదండ్రులు ఇంటనే చిన్న ట్రెడ్‌మిల్లుపై పట్టుకొని, దినమునకు 8 నిమిషములు, వారమునకు 5 దినములు అడుగులు వేయించిరి. మామూలు ఫిజియోథెరపీ మాత్రమే పొందినవారికంటె వీరు సగటున 101 దినములు ముందుగా స్వతంత్రముగా నడిచిరి.

మూడు నెలలు స్వల్పమా? నడిచిన బిడ్డ చేతులు ఖాళీ అగును. చూపు పైకి లేచును. వంటింటి గట్టుపై నున్నది కనబడును, దానిని అడుగుటకు మాట కావలసివచ్చును. కాబట్టి త్వరకును విలువ కలదు. కాని త్వరగా వచ్చిన నడక విరిచిన మోకాళ్ళతో వచ్చినచో దాని విలువ ఎంత? ఈ రెండు వాదములు పరస్పరము శత్రువులు కావనియే నా అభిప్రాయము: పట్టాపై అడుగు వేయించువారే బిడ్డ మోకాలిపై కన్నుంచవచ్చును.

ఇక తేదీల మాట. ఈ పిల్లల ఎదుగుదలకై వేరుగా పట్టికలు కట్టిన రాబర్ట్ పాలిసానో బృందపు 2001 అంచనాను బట్టి, రెండేండ్లు నిండునప్పటికి నడుచువారు నూటికి 40 మంది. మూడేండ్లు నిండునప్పటికి 92 మంది. ఒక్క యేడాదిలో ఇంత మార్పు! రెండవ పుట్టినరోజున నడవని బిడ్డను చూచి కన్నీరు పెట్టుకొను తల్లికి ఈ రెండు అంకెలను మించిన ఓదార్పు నాకు తెలియదు.

సాయము ఎచ్చట దొరకునని అడుగువారికి: 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము డౌన్ సిండ్రోమ్‌ను తన జాబితాలో చేర్చి, అట్టి పిల్లలకు జిల్లా సత్వర చికిత్సా కేంద్రములలో ఉచితముగా ఫిజియోథెరపీని ఏర్పరచినది. ఢిల్లీలో విష్ణు దిగంబర్ మార్గముననున్న దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జాతీయ సంస్థ ఫిజియోథెరపిస్టులను తయారుచేయుటయే కాక రోగులను కూడ చూచును. సెలవులకు ఊరికి పోవువారికి సికింద్రాబాదు మనోవికాస్ నగరమున మేధోవైకల్యము గలవారికై 1984లో వెలసిన జాతీయ సంస్థ ఉన్నది.

మూడవ అంతస్తున పంచాంగము ఆలస్యముగానే ఐనను నడచుచున్నది. ఎనిమిదిన్నర నెలలకు బొబ్బట్లు తింటిమి. గారెలకు చిక్కు వచ్చెను: ఢిల్లీ ఫ్లాటులో గడప ఏది? బాల్కనీ తలుపు దగ్గర రెండంగుళముల పాలరాతి పట్టీ ఉన్నది. పదునైదవ నెలలో బిడ్డ దానిని ప్రాకి దాటెను. అదే గడప యని అమ్మమ్మ తీర్మానించి ఆ సాయంకాలమే మినపప్పు నానవేసెను.

ఇప్పుడు బిడ్డకు రెండేండ్ల రెండు నెలలు. దివాను పట్టుకొని ఆ చివరనుండి ఈ చివరకు ప్రక్క అడుగులు వేయుచున్నది. దివానుకును పీటకును నడుమ ఒక జానెడు సందు వదలిరి, దానిని దాటుటకు ఒక చేయి వదలవలెను. మొన్న నేను పోయినపుడు వదలెను. ఫిజియోథెరపిస్టు మోకాలివైపు వంగి చూచుచుండగా, అమ్మమ్మ వంటింటి గుమ్మమున నిలిచి నాతో అనెను:

"ఆ అమ్మాయిని అడుగు బాబూ, అరిసెలు ఎప్పుడు వండుకోవచ్చో. తొందరేం లేదు. బియ్యం నానబోసుకోవాలి కదా, ఒక్కరోజు ముందు చెబితే చాలు."